ఒలికిన గడప నీళ్ళు

పోయిన నెలలో ఒక పొద్దున శోభ అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. డెంగీ జ్వరాలు మొదలయ్యాయని ఇల్లిల్లూ తిరిగి, నీళ్ళ డ్రమ్ముల్లో దోమ పిల్లలు ఉన్నాయేమో టార్చి వేసి చూసే ఉద్యోగం ఆమెది. ఊరిగాంలో ఈ పాత బంగారు గని ఇళ్ళలో మిగిలిన ముసలివాళ్ళలో నేనొకణ్ణి. గని శానిటరీ ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణని ఎవరో చెప్పారట, అందుకని కాసేపు కూర్చుంది. మంచినీళ్ళిస్తే తాగి, కొంగుతో ముఖం తుడుచుకొని, "ఎంత చెప్పినా డ్రమ్ములు మూసిపెట్టరు సార్. చెప్తే వినరు ఈ జనం. మీ కాలంలో వాంతిభేది వస్తే లైను లైనంతా నీళ్ళు కాచుకొని తాగేటట్ల చేసినారంట గదా మీరు, ఎట్ల చేసినారు సార్?" అంది. నేను లేచి నిలబడ్డాను. "ఎవురు వినరు? వాళ్ళు చెప్పింది నువ్వు విన్నావా? లే, పో బయటికి!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ పిల్ల బిత్తరపోయి, టార్చి కుర్చీ మీదే మరిచిపోయి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ అరుపు ఆమె మీద కాదు. "చెప్తే వినరు" అన్నది నా మాట. ఆ మాటను అన్నంలా తిని ముప్పై ఏళ్ళకు పైగా బతికాను. ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతి కుర్రవాడికీ అది నేర్పించాను. ఇప్పుడది ఊరంతా తిరిగి, ఒక ఆడపిల్ల నోట మళ్ళీ నా గడప తొక్కి లోపలికి వచ్చేసరికి తట్టుకోలేకపోయాను. టార్చి చేతిలో పట్టుకొని ఆ పగలంతా కూర్చున్నాను. దాచిపెట్టుకొన్నది ఇక దాచను.

మా నాయన చిత్తూరు వైపు పల్లె నుంచి గనిలోకి వచ్చినవాడు. నాకు ఊహ తెలిసేటప్పటికి ఆయన ఊపిరితిత్తులు రాతిదుమ్ముతో నిండిపోయి ఉండేవి. దగ్గు వినిపిస్తే ఇంట్లో ఉన్నాడని, వినిపించకపోతే నిద్రపోయాడని తెలిసేది. ఆయన పోయాక అన్న మునిరత్నం గనిలోకి దిగాడు. ఇల్లంటే ఒక గది, ఒక వంట మూల. గోడకు ఇవతల మేము, అవతల గంగప్ప, కదిరమ్మ. గంగప్ప అన్నతోపాటు ఒకే చోట రాతికి బెజ్జాలు వేసే మనిషి. రెండిళ్ళ మధ్య గోడ ఎంత పలచనంటే కదిరమ్మ ఊరుబిండికి మిరపకాయలు నూరితే మా ఇంట్లో పిల్లలకు తుమ్ములొచ్చేవి. బొగ్గు పొగ, సంగటి కుండ మాడిన వాసన, గని నుంచి వచ్చిన తడిబట్టల్లో రాతి వాసన, గాలి తిరిగిందంటే బంగారం తీశాక పారబోసిన సైనైడు దిబ్బల మీద నుంచి లేచే బూడిదరంగు దుమ్ము వాసన. ఇవన్నీ కలిసిన వాసననే నేను చాలాకాలం గాలి అనుకొన్నాను. మొదటిసారి చుట్టాలింటికి పల్లెకు పోయినప్పుడు అక్కడి గాలిలో ఏదో తక్కువైనట్టు తోచింది.

మా లైనులో, అంటే ఆ గని ఇళ్ళ వరుసలో, ఒక అలవాటుండేది. గనిలోకి దిగే మొగవాడు షిఫ్టుకు బయలుదేరేటప్పుడు కుడికాలు గడప బయట, ఎడమకాలు లోపల పెట్టి నిలబడాలి. ఇంటి ఆడమనిషి అప్పుడే కొళాయి నుంచి పట్టి తెచ్చిన కడవలో చెంబు ముంచి అతనికి ఇవ్వాలి. ఒక్క గుక్క తాగి, మిగిలింది గడప మూలలో పోసి, "వస్తా" అని వెనక్కి చూడకుండా పోవాలి. దాన్ని గడప నీళ్ళు అనేవాళ్ళు. వాటిని నిప్పు ముట్టి ఉండకూడదు. నిప్పు ముట్టిన నీళ్ళు జబ్బు పడినవాళ్ళకు, శవానికి పోసే స్నానానికి. ఆరోగ్యంగా గనిలోకి దిగేవాడికి కాచిన నీళ్ళివ్వడమంటే నువ్వు తిరిగి రావని చెప్పి పంపడమే. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. కింద ఎక్కడో రాయి విరిగి భూమి ఒక్కసారి అదిరేది, దాన్ని ఏర్‌బ్లాస్టు అనేవాళ్ళు. ఇళ్ళలో అలమరలోని గిన్నెలు గలగలమనేవి. ఆ గలగల వినగానే లైనులోని ఆడవాళ్ళందరూ చేతిలో పని వదిలేసి వాకిళ్ళలోకి వచ్చి, ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా, గనిలోకి దిగే శాఫ్టు వైపు చూస్తూ నిలబడేవాళ్ళు. పొద్దున తాము ఇచ్చిన ఒక గుక్క నీళ్ళు తప్ప వాళ్ళ చేతుల్లో ఇంకేముంది?

తెల్లదొరల కంపెనీ పోయి గని గవర్నమెంటుదైన తర్వాతి మాట ఇది. నేను స్కూలు చదువు ముగించి, నాయన సర్వీసు పేరు చెప్పుకొని శానిటరీ ఆఫీసులో టెంపరరీగా చేరాను. అప్పుడే వాంతిభేది వచ్చింది. మొదట దిగువ లైనులో ఒక ముసలామె, తర్వాత ఒకే ఇంట్లో ఇద్దరు. ఆఫీసువాళ్ళు నాకొక రేకు గొట్టం, ఒక సంచి బ్లీచింగు పౌడరు ఇచ్చారు. గొట్టం నోటికి పెట్టుకొని "నీళ్ళు కాచి తాగండి, కాచని నీళ్ళు విషం" అని లైనులన్నీ తిరిగి అరవడం నా పని. మీ లైను బాగుపడితే నిన్ను పర్మనెంటు చేయిస్తానని ఇన్‌స్పెక్టరు మాటిచ్చాడు. ఆ ఒక్క మాట నా చెవిలో పడ్డాక మిగతా మాటలకు చోటు లేకపోయింది.

గంగప్ప నాకు గొట్టం దొర అని పేరు పెట్టాడు. "ఏమప్పా గొట్టం దొరా, ఈ పొద్దు మా కొళాయికి ఏం శాపం పెట్టినావు?" అనేవాడు. "ఆ దొరలు గుర్రమెక్కి వచ్చేవాళ్ళు. మన దొర చూడు, చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకొని వస్తా ఉండాడు." లైనంతా నవ్వేది. నాకు ఒళ్ళు మండేది. ఆ మంటకు కారణం నవ్వు కాదు, అతను చెప్పేది నిజం కావడం. ఎందుకంటే, నేనూ గని ఉద్యోగినే కాబట్టి, పొద్దున గొట్టం పట్టుకొని బయలుదేరేటప్పుడు మా అమ్మ నాకూ గడప నీళ్ళిచ్చేది. కాచని నీళ్ళు. నేను తాగేవాణ్ణి. తాగి, మూతి తుడుచుకొని, వీధిలోకి పోయి అవి విషమని అరిచేవాణ్ణి.

ఒక పొద్దున ఇన్‌స్పెక్టరు మా లైను చూడటానికి వచ్చాడు. మొదటి షిఫ్టు వేళ. గంగప్ప గడపలో నిలబడి ఉన్నాడు, కదిరమ్మ చేతిలో చెంబు ఉంది. నేను గొట్టం ఎత్తి, "ఆ నీళ్ళు కాచినవా?" అని అడిగాను. కదిరమ్మ తల వంచుకొంది. గంగప్ప ఊరుకోలేదు.

"సామీ," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో, నా వైపు చెయ్యి చూపించి, "ముందర మా గొట్టం దొరను అడగండి, ఈ పొద్దు వాళ్ళమ్మ చేతి నుంచి ఏం నీళ్ళు తాగి వచ్చినాడో. కాగినవైతే నేనూ తాగతా, నా పెండ్లాము చేత కాయించుకొని."

వాకిళ్ళలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకొన్నారు. ఇన్‌స్పెక్టరు నన్ను చూశాడు. నేను రెండు అంగల్లో పోయి కదిరమ్మ చేతిలోని చెంబు లాక్కొని నీళ్ళు నేలమీద కుమ్మరించాను. అవి మట్టిలోకి ఇంకిపోయాయి. తాగకముందే గడప నీళ్ళు ఒలకడం ఆ లైనులో ఎవరూ చూసి ఎరగరు. అప్పుడే సైరను కూసింది. కదిరమ్మ లోపలికి పరుగెత్తి ఇంకో చెంబు ముంచి తెచ్చేలోపల గంగప్ప చెప్పులు తొడుక్కొన్నాడు. "పోనీలే, వచ్చి తాగతా. నీళ్ళు యాడికి పోతాయి?" అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం క్షేమంగానే తిరిగి వచ్చాడు. కానీ ఆ పొద్దు నుంచి నేను కనిపిస్తే చాలు, లైనులో ఒక్కొక్క తలుపూ మూసుకొనేది. తలుపు వెనక నీళ్ళిచ్చి తర్వాత తలుపు తెరిచేవాళ్ళు. నేను అరిచేకొద్దీ ఆ అలవాటు గట్టిపడింది. మేం వాళ్ళను భయపెడితే మారతారనుకొన్నాం. మా లైనులో భయానికి ఎప్పుడు కరువు? గనిలో చావు, ఇంట్లో చావు రెండూ ఒకేసారి కనబడేసరికి చేతికి తెలిసిన ఒక్క రక్షణనూ ఇంకా బిగించి పట్టుకొన్నారు. నీటిలో కొట్టుకుపోయేవాడిని దుంగ వదలమంటే వదులుతాడా?

నేను నీళ్ళు కుమ్మరించిన ఆ సాయంత్రమే మా వదిన నారాయణమ్మ వాకిట్లో చాట పట్టుకొని రాగులు చెరుగుతూ నన్ను పిలిచింది. వదినకు చదువు రాదు. మాట తక్కువ. చాటలో రాళ్ళు ఏరుతూ, నన్ను చూడకుండానే మాట్లాడింది.

"ఏం పని రాజప్పా నువ్వు చేసింది? ఆయమ్మ చేతిలోది లాక్కుంటావా?"

"మూఢనమ్మకం వదినా. చెప్తే వినరు."

"ఊరికే సుమ్నే అరిస్తే ఎవురు వింటారు? నీళ్ళొచ్చేది ఎప్పుడు? కోడి కూసినాక. సైరను కూసేది ఎప్పుడు? అరగంటకు. ఆ అరగంటలో కడవ నీళ్ళు కాచేదెట్ల, చల్లార్చేదెట్ల? సలసల కాగే నీళ్ళు గడపలో నిలబడి తాగతాడా మీ అన్న? ముందునాటి సాయంత్రమే కాచి పెట్టల్లంటే సాయంత్రం కొళాయి రాదు. వచ్చినా పెట్టేదానికి ఇంకో కడవ లేదు. ఇంటికి ఒకటే కదప్పా ఉండేది. బొగ్గు చూస్తే సంగటికే చాలదు." ఒక రాయి ఏరి దూరంగా విసిరింది. "మీ సాబును అడుగు. సాయంత్రం ఒక గంట కొళాయి వదలమను. ఇంటికో కడవ ఇప్పించమను. బాయిలరు కాడ సగం కాలిన బొగ్గు గుట్టగా పడి ఉండాదే, అది తట్టెడు తట్టెడు తెచ్చుకోనిమ్మను. మిగతాది మేం చూసుకొంటాం."

"గడప నీళ్ళో మరి? నిప్పు ముట్టినవి ఇస్తారా?"

"అది ఆడోళ్ళ మాట. మేం మాట్లాడుకొంటాం. నువ్వు కడవల మాట అడుగు."

అడుగుతానన్నాను. మరునాడు ఇన్‌స్పెక్టరు గదిలో ఆయన బల్ల ముందు నిలబడ్డాను. "ఏమయ్యా, నీ లైను ఎట్ల ఉండాది?" అని అడిగాడు ఆయన. అప్పుడు చెప్పి ఉండవచ్చు. మూడు వాక్యాలు. టెంపరరీ వాడు కడవలు కావాలి, బొగ్గు కావాలి, కొళాయి కావాలని నోరు తెరిస్తే యూనియను మనిషి అనుకొంటారేమో, పని చేతకాక సాకులు చెబుతున్నాడనుకొంటారేమో అని భయపడ్డాను. "చెప్తే వినరు సార్," అన్నాను. ఆయన తల ఊపాడు. సాయంత్రం ఇంటికి పోయి వదినతో, "అడిగినా వదినా. లేదు పొమ్మన్నారు" అన్నాను. వదిన నా ముఖం వైపు ఒకసారి చూసి, సరే అని లోపలికి పోయింది.

ఆ అబద్ధం చెప్పిన మూడోనాడు గంగప్పకు వాంతులు మొదలయ్యాయి. గోడకు ఇవతల అన్నీ వినిపించేవి. మొదట్లో ఆ గొంతులో ఇంకా వేళాకోళం ఉంది. "గొట్టం దొరను పిలవండప్పా, నా కడుపుకు చెప్పమనండి, వింటాదేమో" అన్నాడు. నేను పోలేదు. మా అన్న, ఇంకో ఇద్దరు కలిసి అతన్ని మంచంతో సహా మోసుకొని ఆస్పత్రికి తీసుకుపోయారు. మధ్యాహ్నానికి ఆ గొంతు లేదు. మరునాడు పొద్దున షిఫ్టు సైరను కూసే వేళకు అతను పోయాడని కబురు వచ్చింది. కదిరమ్మ వాకిట్లో కూర్చొని ఏడవలేదు. లేచి మా గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"నా మొగుణ్ణి గడప నీళ్ళు తాగనీకుండా పంపించినావు. నీ చేత్తో కుమ్మరించినావు. తిని పారేసినావు కదరా వాణ్ణి!"

అమ్మ ఆమెను పట్టుకొంది. నేను లోపలి మూలకు జరిగి నిలబడ్డాను. నా మనసు ఎంత నీచమైనదో అప్పుడే నాకు తెలిసింది. కదిరమ్మ శాపం వింటూ నేను లోలోపల ఊరట పడ్డాను. చెంబుడు నీళ్ళు ఒలికితే మనిషి చస్తాడా, పాపం ఏమీ తెలియని ఆడది అనుకొన్నాను. ఆమె చెప్పిన కారణం తప్పు కాబట్టి నేను నిర్దోషినని తేల్చుకొన్నాను. కారణం తప్పే. చంపినవాణ్ణి మాత్రం ఆమె సరిగ్గానే పట్టుకొంది. కుమ్మరించిన నీళ్ళు కాదు, నోట్లో దాచుకొన్న మూడు వాక్యాలు చంపాయి అతన్ని. ఆ మాట చెప్పి ఆమె చేతి దెబ్బ తినే ధైర్యం నాకు అప్పుడు లేదు, ఆ తర్వాతా లేకపోయింది. కదిరమ్మ కర్మ కాగానే తమ్ముడితో పుట్టినూరికి వెళ్ళిపోయింది. ఆమె ముఖం నేను మళ్ళీ చూడలేదు.

గంగప్ప పోయిన మరునాడు వదిన కొంగు బిగించి, లైనులో ఇంకో నలుగురిని వెంటబెట్టుకొని ఆఫీసుకు వచ్చింది. నేను బ్లీచింగు సంచి పక్కన నిలబడి ఉన్నాను. వదిన నాతో చెప్పిన మూడు మాటలే ఇన్‌స్పెక్టరుతో చెప్పింది. ఆయన కుర్చీలో ముందుకు వంగి విన్నాడు.

"ఈ మాట ముందే చెప్పింటే కాదంటానామ్మా? బొగ్గు పనికిరాక పడి ఉండేదే. ఎవురూ నాకు చెప్పలేదే!"

ఆయన కళ్ళు నా వైపు తిరిగాయి. ఆ నలుగురు ఆడవాళ్ళ కళ్ళూ తిరిగాయి. అప్పుడు వదిన, "లేదు సామీ, మాకే ఇప్పుడు తోచింది. మా మరిదికి ఇదేమీ తెలీదు" అంది.

మరునాడే గని లారీలో కడవలు వచ్చాయి, గడ్డి మధ్య పేర్చినవి, కుమ్మరి వాము వాసన ఇంకా పోనివి. సాయంత్రం కొళాయి వచ్చింది. ఆడవాళ్ళు తట్టలు పట్టుకొని బాయిలరు దగ్గర బొగ్గు ఏరుకొన్నారు. ఇక మిగిలింది గడప నీళ్ళ మాట. దాని కోసం వాళ్ళందరూ మా వాకిట్లో కూర్చొన్నారు, పెద్దది కాబట్టి మా అమ్మ చుట్టూ. నేను కొండంత అడ్డం అనుకొన్నది అదే. ఎంతసేపు పట్టింది? అమ్మ ఒక వక్క నమిలేంత సేపు.

"నిప్పు ముట్టిన నీళ్ళు శవానికే పోస్తామా?" అంది అమ్మ. "కాన్పయిన ఆడదానికి ఏం నీళ్ళిస్తాం? పుట్టిన బిడ్డ నోట్లో ఏం పోస్తాం? కాగినవే గదా. పుట్టినోళ్ళకు ఇచ్చేవి మనోళ్ళకు ఇస్తే ఏమి? దినామూ మళ్ళీ పుట్టి వస్తా ఉండారు వాళ్ళు ఆ బొక్కలో నుంచి."

ఒకావిడ నవ్వింది. ఒకావిడ కళ్ళొత్తుకొంది. కొత్త కడవలకు పసుపు కుంకుమ పెట్టారు. మరునాడు పొద్దున ప్రతి గడపలోనూ ముందునాడు కాచి చల్లార్చిన నీళ్ళ చెంబు ఉంది. ఇచ్చే ముందు ఆడమనిషి తానే ఒక గుక్క తాగి చూపించేది. అంతకుముందు లేని ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, అందరూ పాటించారు. పక్క లైనువాళ్ళు చూసి వాళ్ళూ కడవలు అడిగారు. జబ్బు తగ్గి నెలలు గడిచాక కూడా ఎవరూ మానలేదు. అప్పుడు మానడమే అపశకునమైపోయింది. ఒక్క మనిషి కూడా నా గొట్టం వల్ల మారలేదు. సాయంత్రపు కొళాయి, ఒక కడవ, తట్టెడు బొగ్గు, పెద్దామె నోటి నుంచి ఒక మాట, పక్కింటి గడపలో కళ్ళ ముందు జరుగుతున్న పని. ఇంతే కావలసి వచ్చింది. ఇదంతా వాళ్ళకు మొదటి రోజే తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే, గొట్టం నా చేతిలోనే ఉండింది.

తర్వాత ఒక సభ పెట్టి, మూఢనమ్మకాన్ని తరిమిన యువకుడని నా మెడలో దండ వేశారు. వేయించుకొన్నాను. ఆ దండలోని చామంతుల ఘాటు ఈ రోజుకూ ముక్కుకు తగిలితే వేరే వీధిలోకి మళ్ళిపోతాను. పర్మనెంటు అయ్యాను. కొత్తవాళ్ళకు పాఠం చెప్పేటప్పుడు ఆ కథ చెప్పేవాణ్ణి, చెంబు లాక్కొని కుమ్మరించిన ఘట్టంతో సహా, అదేదో వీరకార్యంలాగా. "చెప్తే వినరు, జంకు పుట్టించల్ల" అనేవాణ్ణి. గంగప్ప పేరు ఎప్పుడూ చెప్పలేదు. వదిన ఆఫీసుకు వచ్చిన సంగతీ చెప్పలేదు. ఒక చదువురాని ఆడమనిషి ఇచ్చిన జవాబు దొంగిలించి, ఆమె జనాన్నే మూర్ఖులని ఊరంతా చాటి, ఆ ఊడిగానికి జీతం తీసుకొన్నాను. ఇంతకన్నా పెద్ద దొంగతనం ఈ బంగారు గనిలో ఎవడూ చేసి ఉండడు.

గని మూతపడ్డాక, అన్న పోయాక, వదిన గౌనిపల్లిలో కూతురి ఇంటికి వెళ్ళిపోయింది. మొన్నటి పెద్ద జబ్బు కాలంలో, బస్సులు మళ్ళీ తిరగడం మొదలుపెట్టగానే చూడటానికి వెళ్ళాను. వాళ్ళకు పట్టుపురుగుల పెంపకం ఉంది. పురుగుల గది వాకిట్లో మందు నీళ్ళ తొట్టి. నేను అలవాటుగా లోపలికి అడుగు పెట్టబోతే వదిన, "ఆగు! కాళ్ళు ముంచి, చేతులు కడుక్కో" అని గదిమింది. "పురుగుకు జబ్బొస్తే ఇల్లు పోతాది. టీవీలో ఇప్పుడు చెప్తా ఉండారు చేతులు కడుక్కోమని. మా ఊళ్ళో పురుగులకోసం ఎప్పటినుంచో కడుక్కొంటా ఉండాం, మనుషులకోసం కడుక్కోమా?" నవ్వింది. పళ్ళు లేవు. మల్బరీ ఆకు పచ్చివాసన మధ్య, చాపమీద కూర్చొని, జీవితమంతా దాచుకొన్నది నేనప్పుడు చెప్పాను. ఆ పొద్దు నేను ఇన్‌స్పెక్టరును అడగలేదు వదినా, నీతో అబద్ధం చెప్పినాను అన్నాను.

వదిన ఆకులు సర్దుతూనే ఉంది.

"తెలుసు లేప్పా. ఆ సాయంత్రమే తెలుసు. అడిగి లేదనిపించుకొన్నోడి మొహం వేరే ఉంటాది. వాడికి కోపముంటాది. నీకు లేదే."

"మరి ఎందుకు ఊరుకొన్నావు?"

"నేను ఆఫీసుకు పోతే నీ పని పోతాదని. నువ్వే పోయి అడుగుతావని కాచుకొన్నా. ఈ పొద్దు అడుగుతాడు, రేపు అడుగుతాడు అని. నాలుగు దినాలు." చేతిలో ఆకు పట్టుకొని ఆగింది. "మొదటినాడే పోయింటే గంగప్ప ఉండేవాడేమో. ఆ నాలుగు దినాలు నావి రాజప్పా. కదిరమ్మ మొహం ఇంగా కనిపిస్తాది నాకు."

నావి, నీవి కావు అని కేకలు వేశాను. చాప మీద గుద్దాను. వదిన వినలేదు. నేను దండ వేయించుకొని తిరిగిన అన్నేళ్ళూ, నా తప్పులో సగాన్ని ఆమె పొయ్యి దగ్గర కూర్చొని, ఎవరికీ చెప్పకుండా మోసింది. నాకు నా మీద ఉన్న కోపంలో క్షమకు చోటు ఉండేదేమో, ఆ ఒక్క సంగతి తెలియకపోయి ఉంటే. ఈ శ్రావణంలో వదిన పోయింది. ఆ నాలుగు దినాలు నా చేతికి ఇవ్వకుండానే పోయింది.

శోభను తరిమేసిన మరునాడు టార్చి పట్టుకొని ఆమె ఇల్లు వెతుక్కొంటూ వెళ్ళాను. పాత లైనులోనే, మా ఇల్లున్న వరుసకు రెండు వరుసల అవతల. భర్త నరసాపురం ఫ్యాక్టరీ బస్సుకు అప్పుడే వెళ్ళాడట. నన్ను చూసి భయపడింది. "తిట్టినందుకు క్షమించు తల్లీ" అన్నాను. వాకిట్లో నీలం డ్రమ్ము ఉంది, దాని మీద పరాతము, ఒక పాత వెడల్పు పళ్ళెం, బోర్లించి రాయి పెట్టి ఉంది. వాళ్ళింటి డ్రమ్ముకు కూడా మూత లేదు.

"జనం నిన్ను ఏమైనా అడిగినారామ్మా?" అన్నాను.

ఆమె డ్రమ్ము మీది రాయి సర్దింది. "మూతలు అడిగినారు సార్. నీళ్ళు ఎనిమిది దినాలకు ఒకసారి వస్తాయి, పట్టి పెట్టుకోకుంటే ఎట్ల, మూతలిప్పిస్తే మూస్తాం అన్నారు. పెద్ద డ్రమ్ముకు మూత దొరకదు సార్ బజార్లో."

"పైన చెప్పినావా?"

ఆమె టార్చి బొత్తాం నొక్కుతూ, ఆర్పుతూ నిలబడింది. "నాది కాంట్రాక్టు సార్."

నాకు కోపం రాలేదు. ఆ అరుగు మీదే కూర్చొని, పైన రాసిందంతా ఆమెకు చెప్పాను. జీవితంలో మొదటిసారి గంగప్ప పేరు బయటి మనిషి ముందు పలికాను. కథ అయిపోయాక శోభ ఆ డ్రమ్ము వైపు చూసింది.

"మీ వదిన నాలుగు దినాలు కాచుకొనె. నేను రెండు నెలలు సార్," అంది. "వెనక వీధిలో ఇద్దరు పిల్లోళ్ళు ఆస్పత్రిలో ఉండారు."

"ఉండారు గదా. ఇంకా ప్రాణాలతో ఉండారు," అన్నాను. "చెప్పులేసుకో. ఆఫీసు తెరిచే వేళైంది. నువ్వు మాట్లాడొద్దు, నేను మాట్లాడతా. నన్ను ఉద్యోగంలో నుంచి తీసేసేవాళ్ళు ఇంగ ఎవురూ లేరు."

ఆమె లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. గడపకు అవతల నిలబడి తీసుకొన్నాను. గోరువెచ్చగా ఉన్నాయి. కాచినవి. ఎందుకు కాస్తున్నావని అడిగితే, "ఏమో సార్, మా ఇంట్లో ఎప్పటినుంచో ఇంతే, మా అవ్వ కాచేది" అంది. ఒక్క గుక్క తాగాను. మిగిలింది గడప మూలలో పోశాను.